ఐదో వరుస కుట్టు

"రంజాన్ రోజా నీరసం. అంతే," అన్నాడు గఫూర్ సాబ్, మూడోసారి. "మే నెల ఎండ. తెల్లారకముందు రెండు రొట్టెలు తిని, పొద్దుననించి వంగి పరుపు కుడితే ఎవనికైనా ఇట్లనే ఉంటాది. కాసేపు పండుకోనీ వాన్ని."

దస్తగిరమ్మ బావ మాట వినిపించుకోలేదు. మొగుడు బడే సాబ్ ఎదుట మోకాళ్ల మీద కూర్చుని అతని మూతినే చూస్తోంది.

బడే సాబ్ ముందుగది గోడకు ఆనుకుని కూలబడి ఉన్నాడు. ఆ గదే వాళ్ల పరుపుల అంగడి. ఒళ్లో సగం కుట్టిన పరుపు. చేతిలో ఉండాల్సిన దబ్బనం దారంతో సహా పరుపులోనే గుచ్చుకుని ఉంది. కుడిచేయి పక్కన పడిపోయి, ఎవరో మరిచిపోయి వదిలేసిన వస్తువులా ఉంది. పెదవి కుడికొస కిందికి జారింది. ఆ కొస నుంచి సన్నగా చొంగ కారుతోంది.

"జిలాని నాయనా, రెండు చేతులూ పైకెత్తు," అంది, ఎప్పట్లాగే కొడుకు పేరుతో మొగుణ్ని పిలుస్తూ.

ఎడమచేయి లేచింది. కుడిది లేవలేదు. లేవలేదన్న సంగతి అతనికి తెలిసినట్టు కూడా లేదు.

"నన్ను పేరు పెట్టి పిలువు. ఈ ఒక్కసారికి పిలువు."

బడే సాబ్ ఏదో అన్నాడు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆమె ఎప్పుడూ వినని మాట. నోటినిండా దూది కుక్కుకుని మాట్లాడినట్టు వచ్చింది.

దస్తగిరమ్మ లేచి నిలబడింది.

"ఇది నీరసం కాదు బావా. పక్షవాతం. ఇప్పుడే ఆదోని పోవాల."

వంటింటి గడప మీద ఖాతూన్ బీ, గఫూర్ సాబ్ భార్య, సాయంత్రం షర్బత్తుకు సబ్జా గింజలు నానేస్తూ నవ్వింది.

"నీకు ఎవురన్నా తుమ్మితే న్యుమోనియా. బస్సు అరగంట ఆల్చమైతే యాడనో బోల్తా పడినట్టు. మొన్న పిల్లి పాలు తాగకపోతే దానికీ ఏందో రోగమంటివి. ఈరోజు నా మరిదికి పక్షవాతమా?"

అన్నీ నిజమే మరి. కొడుకు జిలాని బాషా ఆదోనిలో పత్తి మిల్లుకు పోయే రోజుల్లో, వాడెక్కిన బస్సు పది నిమిషాలు ఆలస్యమైతే ఆమె బస్టాండులో ఉండేది. కండక్టర్లందరికీ ఆమె ముఖం తెలుసు. బడే సాబ్ తెల్లారుజామున దగ్గే దూది దగ్గు విని, క్షయ అని ఏడ్చి, అతన్ని రెండుసార్లు ఆదోనికి ఈడ్చుకుపోయి ఎక్స్‌రే తీయించింది. రెండుసార్లూ దూది దుమ్మే తప్ప ఏమీ లేదన్నారు. వీధిలో అప్పటినుంచి ఆమె పేరు గాబరా దస్తగిరమ్మ.

ఇన్నేళ్లూ ఊరికే భయపడింది. ఇప్పుడు నిజంగా వచ్చేసరికి, భయపడినా నమ్మేవాళ్లు లేరు.

"అక్కా, నవ్వుకో. నేను వచ్చినాక ఇంకా నవ్వుదువు. ముందు ఈయన్ని పట్టండి."

"యాడికి పట్టేది?" గఫూర్ సాబ్ గొంతు కొంచెం గట్టిపడింది. ఇంటికి పెద్ద ఆయన. తండ్రి పోయినప్పుడు బడే సాబ్‌కు ఆరేళ్లు. అన్నం పెట్టి పెంచిందీ, దూది ఏకే విల్లు చేతికిచ్చి పని నేర్పిందీ అన్నే. ఆ ఇంట్లో ఆయన మాటకు ఎదురు మాట ఇంతవరకూ లేదు. "ఇరవై ఏండ్లుగా వాడు ఒక్క రోజా ఇడిసిపెట్టలే. ఆసుపత్రికి పోతే సూది అంటారు, మందంటారు, నీల్లు తాపుతారు. పొద్దు మునిగేదాకా, మగ్రిబ్ దాకా ఓపిక పట్టు. ఇఫ్తార్‌కు ఇంత షర్బత్తు తాగితే లేసి కూసుంటాడు."

"మగ్రిబ్‌కు ఇంకా ఆరు గంటలుండాది బావా."

"ఉంటే?"

"మా అమ్మకు మూడు దినాలు ఓపిక పట్టినాము."

పోయిన ఏడు కౌతాళంలో దస్తగిరమ్మ తల్లి అమీనా బీ ఇట్లాగే ఓ మధ్యాహ్నం చెంబు జారవిడిచింది. పసరు పోశారు. పావురం నెత్తురు పూశారు. గంజి తాపితే గొంతు దిగక పొలమారింది. నాలుగో నాడు ఆదోని ఆసుపత్రిలో చేర్చితే, అక్కడి డాక్టరమ్మ వరండాలోకి వచ్చి చెప్పిన మాటలు దస్తగిరమ్మకు నమాజు సూరాల కంటే బాగా కంఠస్థం. మూతి వంకరపోయినా, చేయి జారినా, మాట ముద్దగా వచ్చినా, ఏ ఒక్కటి కనబడినా సరే, చెప్పులేసుకోవడానికి కూడా ఆగొద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టు. నోట్లో చుక్క నీళ్లు పోయొద్దు. ఎప్పుడు మొదలైందో గుర్తుపెట్టుకో.

ఐదో క్లాసు చదివిన మనిషి. ఇంటికొచ్చి జిలాని పాత నోటుబుక్కులో ఆ నాలుగు మాటలూ రాసి పెట్టుకుంది. అది చూసి కూడా ఇంట్లో నవ్వారు.

"నీరసం కాదంటావు, సరే," అన్నాడు గఫూర్ సాబ్. "పక్షవాతమే అనుకో. దానికి నాటుమందు మనిషి ఉండాడు. మద్యాన్నం జొహర్ నమాజు సదువుకొని వస్తా, వెనక వీధి మద్దమ్మ ఇంట్లో పావురాలుండాయి..."

"మా అమ్మకూ మూడు పావురాలు కోసినారు బావా. పావురాలూ పోయినాయి, అమ్మా పోయింది."

ఖాతూన్ బీ చేయి గిన్నెలోనే ఆగింది. ఈసారి నవ్వలేదు.

అప్పుడే జిలాని బాషా లోపలికి వచ్చాడు. ఎండకు ముఖమంతా చెమట. తల్లి మొదటి కేక విన్నప్పుడే డాక్టరు కోసం పరుగెత్తినవాడు.

"డాక్టరు లేడుమా. గురువారం గదా, మంత్రాలయం పోయినాడంట. బాడుగ కారు కూడా మంత్రాలయమే పోయిందంట. ఊర్లో ఇంకో బండి లేదు." వాడు తండ్రి వైపు చూసి ఆగాడు. "నాయన మూతి ఏంది అట్లుంది?"

"సూసినావా బావా. వానికి కూడా కనబడ్తాంది."

"నువ్వు సెప్పి సెప్పి వానికీ అంటించినావు నీ గాబరా."

జిలాని పెద్దనాయన వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు. వాడికి ఇరవై మూడేళ్లు. పెద్దనాయన ఎదుట ఎన్నడూ కుర్చీలో కూర్చోనివాడు.

దస్తగిరమ్మ వాడిని బతిమాలలేదు. గూట్లోని గడియారం వైపు చూసింది. పన్నెండున్నర దాటింది. ఆమె భయాలు ఆమెకు ఒక్క మేలు చేశాయి. కొడుకు కోసం బస్టాండులో నిలబడి నిలబడి, ఏ బస్సు ఎప్పుడొస్తుందో, ఎక్కడ ఎంతసేపు ఆగుతుందో ఆమెకు ఏ కండక్టరుకూ తీసిపోకుండా తెలుసు. మంత్రాలయం నుంచి ఎమ్మిగనూరు మీదుగా ఆదోని పోయే బస్సు ఒంటిగంటకు ముందు తమ వీధి మలుపు దాటుతుంది. అది పోతే మళ్లీ మూడింటికి.

"ఇంకా ఇరవై నిమిషాలుండాది," అంది. "నడిపించేకి లేదు. ఎత్తుకొని పోవాల. ఆ పరుపు కింద పరిసి దాని మీద పండబెట్టు జిలానీ."

"అది దేవేంద్రప్ప ఇంటి పెండ్లి పరుపు," అన్నాడు గఫూర్ సాబ్. ఆయన ముఖంలో నిజంగా బెదురు కనబడింది. "రేపు అంపియ్యాల. పెండ్లి పరుపు మీద రోగిని పండబెడతావా? వాల్లకు తెలిస్తే మన అంగడి గడప తొక్కుతారా ఎవురన్నా?"

"అడిగితే నా పేరు సెప్పు. గాబరాదానికి మతి పోయిందని సెప్పు. నమ్ముతారు."

వంగి, పరుపులో గుచ్చుకున్న దబ్బనం తీయబోయి ఆగింది. ఆమె కళ్లు కుట్టు మీద పడ్డాయి. నాలుగు వరుసలు గీత గీసినట్టున్నాయి. ముప్పై ఏళ్లుగా బడే సాబ్ కుట్టు అంతే. ఐదో వరుస సగం దాకా బాగానే వచ్చి, అక్కడ నుంచి ఒక్కసారిగా పక్కకు తిరిగి, అంచు దాకా వంకరగా పోయింది.

దబ్బనం తీసేసింది. దారం తెంపలేదు. కుట్టును అట్లాగే ఉంచింది.

"దుర్గప్పను పిలుసుకొని రా," అంది కొడుకుతో. పక్కింటి నేతగాడు దుర్గప్ప, మగ్గం గుంటలోంచి లేచి రావాలి. "నలుగురుంటే తప్ప మొయ్యలేము. నేను పోయి బస్సు ఆపుతా."

జిలాని కదలలేదు. ఒక్క క్షణం. అది దస్తగిరమ్మకు ఒక ఏడాదంత పొడుగు అనిపించింది.

"పెద్దనాయనా," అన్నాడు చివరికి, తల దించుకునే, "తల దిక్కు నువ్వు పట్టుకో. కాళ్ల దిక్కు నేను పట్టుకుంటా." అని పక్కింటికి పరుగెత్తాడు.

గఫూర్ సాబ్ భుజం మీద తువ్వాలు తీసి, మళ్లీ వేసుకున్నాడు.

"ఒక్కటి మాత్రం సెప్తాండా. వాని నోట్లో చుక్క పడగూడదు. రోజా ఇరగ్గూడదు."

"నాకూ అదే కావాల బావా. మెతుకు వద్దు, చుక్క వద్దు. ఎవురు అడిగినా వద్దు."

ఆ ఇంట్లో ఆ రోజు వాళ్లిద్దరూ ఒప్పుకున్నది ఆ ఒక్కటే.

•

మలుపు దగ్గర తారు కరిగి చెప్పు అంటుకుంటోంది. దస్తగిరమ్మ చెప్పులు లేకుండా వచ్చింది. ఆ సంగతి ఆమెకు రోడ్డు మధ్యకు పోయి నిలబడ్డాక తెలిసింది.

బస్సు హారన్ కొట్టింది. ఆమె తప్పుకోలేదు. ఇంకోసారి కొట్టింది. డ్రైవర్ పుల్లన్న బ్రేకు తొక్కితే, బస్సు ఆమెకు నాలుగడుగుల దూరంలో ఆగింది.

కండక్టర్ సుంకన్న తల బయటికి పెట్టాడు. "ఏందమ్మా, ఇంకా పత్తి సీజను మొదలే కాలేదు, నీ కొడుకు ఇంట్లోనే ఉండాడు గదా. ఈరోజు ఎవురికోసరం?"

లోపల ఒకరిద్దరు నవ్వారు.

"మా ఇంటాయనకు పక్షవాతం వచ్చింది సుంకన్నా. ఇంకా గంట కాలేదు. ఆదోని ఆసుపత్రికి కొట్టాల."

"ఎవురు సెప్పినారు పక్షవాతమని?"

"నేనే సెప్తాండా."

సుంకన్న ఎన్నో సాయంత్రాలు ఆమె ఏడుపు ముఖం చూసినవాడు. ఇప్పుడా ముఖంలో ఏడుపు లేదు. అదే అతన్ని దిగివచ్చేలా చేసింది.

వీధిలోంచి పరుపు వస్తోంది. ముందు గఫూర్ సాబ్, దుర్గప్ప, వెనక జిలాని, దారిలో కలిసిన ఎవరో ఇంకొకతను. ఎర్రచారల కొత్త గుడ్డ పరుపు మీద బడే సాబ్ పక్కకు తిరిగి పడుకుని ఉన్నాడు. గఫూర్ సాబ్ ముఖం సున్నం కొట్టినట్టుంది. ఒక చేత్తో మూల పట్టుకుని, రెండో చేత్తో తువ్వాలుతో తమ్ముడి గడ్డం కింద అదేపనిగా తుడుస్తున్నాడు.

బస్సంతా మంత్రాలయం నుంచి తిరిగొస్తున్న జనం. గుండు గీయించుకున్న తలలు, కుంకుమ పొట్లాలు, సంచులు. మూటలన్నీ సీట్ల కిందికి నెట్టి నడిమిన చోటు చేశారు. పరుపు వంగి, గుంటపడి, ఎట్లాగో పట్టింది.

"పుల్లన్నా," అంది దస్తగిరమ్మ, కమ్మీ పట్టుకుని, "దారిలో యాడా ఆపొద్దు."

"ఆపకుంటే ఎట్లమ్మా, దిగేటోల్లు ఉంటారు."

"నేను కోటేకల్లు కాడ దిగాల," అంది వెనక సీట్లోంచి లింగమ్మ అనే ముసలావిడ. "ఇంటికాడ గొర్రెలు కట్టేసి వచ్చినా."

"అవ్వా, నీ గొర్రెలు యాడికీ పోవు. తిరుగు బస్సులో నేనే దింపుతా," అన్నాడు సుంకన్న.

"నువ్వు దింపుతావు. వాటికి నీల్లెవురు పెడతారు, మీ నాయనా?"

ఎవరో నవ్వారు. లింగమ్మ కిందికి వంగి పరుపు మీది మనిషిని చూసింది. మూతి చూసింది. కాళ్లు ముడుచుకుని చోటు చేసింది.

"పోనీ బిడ్డా," అంది. "ఆపొద్దని సెప్పు."

పుల్లన్న ఆపలేదు. కోటేకల్లు దాటింది. చెయ్యెత్తిన జనం దుమ్ములో వెనక్కి పోయారు.

దస్తగిరమ్మ మొగుడి తల పక్కనే కూర్చుంది. అతని ఎడమచేయి ఆమె చేతిలో ఉంది. అది పట్టుకుంటోంది. గట్టిగానే పట్టుకుంటోంది. కళ్లు మాత్రం ఆమె మీద నిలవకుండా తిరుగుతున్నాయి. శ్వాస గురగురమంటోంది. ఇంట్లో ఉన్నప్పుడు ఆ గురగుర ఉందా? ఆమె గుర్తు చేసుకోబోయింది. లేదనిపించింది. దారి కుదుపేమోలే అనుకుంది. ఇన్నేళ్లలో ఒక చెడ్డ సంగతిని ఆమె తనంతట తాను తేలిక చేసుకున్నది అదే మొదలు.

పక్క సీట్లో ఉన్న కన్నడం ఆమె, నున్నటి గుండు మీద కొంగు కప్పుకున్నామె, నోట్లో కాస్త పోయమని చిన్న సీసా ముందుకు చాపింది. తీర్థం.

"స్వల్ప బాయిగె హాకమ్మా. రాయరు కాపాడ్తారె."

"వద్దు తల్లీ. నోట్లో ఏమీ వద్దు. నీకు పుణ్యముంటాది, నుదురుకు రాయి."

ఆమె నొచ్చుకోలేదు. చూపుడువేలు తడిపి బడే సాబ్ నుదుటికి రాసింది. దస్తగిరమ్మ ఓరగా బావ వైపు చూసింది. ఇంకోరోజైతే ఆయన దానికి ఏదో ఒకటి అనేవాడు. గఫూర్ సాబ్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. పెదవులు తడారిపోయి ఉన్నాయి. ఆయనా రోజాలో ఉన్నాడు కదా పాపం అనుకుంది.

•

బస్సు ఆదోని స్టాండుకు పోలేదు. ఆసుపత్రి గేటు ముందు ఆగింది. పరుపు దింపడానికి బస్సులో సగం మంది దిగారు. లింగమ్మ ఒక మూల పట్టుకుంది.

పోయిన ఏడు చూసిన డాక్టరమ్మే. ఆమె దస్తగిరమ్మను గుర్తుపట్టలేదు. వరండాలోనే పరుపు పక్కన కూర్చుని నాడి చూసింది, కంటిలో లైటు వేసింది, చేయి ఎత్తి వదిలింది. రక్తపోటు చూసి, నర్సుతో ఏదో అంకె చెప్పింది. నర్సు పరుగెత్తింది.

"ఎప్పుడు మొదలైంది?"

"ఇందాకనే," అన్నాడు గఫూర్ సాబ్. "జొహర్‌కు ముందు పడిపోయినాడు. గంట అయ్యుంటాది."

"కాదమ్మా," అంది దస్తగిరమ్మ. "ఊర్లో నేత సంఘం గంట పన్నెండుకు కొడతారు. అప్పుడు నేను సూసినా, నాలుగో వరస ముగిస్తాండాడు. ఒక్కో వరస పది నిమిషాలు. ఇదో సూడండి, ఐదోది సగంలో వంకర పోయింది. పన్నెండూ ఐదుకు మొదలైంది. ఇప్పుడు రెండు కావొస్తాంది."

డాక్టరమ్మ పరుపు వైపు చూసింది. వేలితో ఆ కుట్టును అంచు దాకా తడిమింది. అప్పుడు తలెత్తి దస్తగిరమ్మ ముఖాన్ని సరిగ్గా చూసింది.

"రెండు గంటల లోపల తెచ్చారు. ఈ జబ్బుకు మనిషిని నాలుగో రోజు తెస్తారు ఇక్కడికి. రక్తనాళం మూసుకుందా, చిట్లిందా నేను ఇప్పుడు చెప్పలేను. కానీ పోటు చాలా ఎక్కువగా ఉంది, మెల్లగా దించాలి. ఊపిరి కాపాడాలి. ఆ రెండూ ఇప్పుడైతే చేయగలను. రేపైతే చేయలేను." ఆమె బడే సాబ్ ఛాతీ మీద గొట్టం ఆనించింది. ఒకచోట ఆగింది. మళ్లీ విన్నది. కనుబొమలు ముడిపడ్డాయి. "నోట్లో ఏమైనా పోశారా?"

"లేదు," అన్నాడు గఫూర్ సాబ్. మాట చాలా తొందరగా వచ్చింది. "రోజాలో ఉండాడు."

"లేదమ్మా," అంది దస్తగిరమ్మ కూడా. ఆ మాట చెప్పగలిగినందుకు ఆమెకు లోలోపల గర్వంగా కూడా ఉంది. చెప్పి, మొగుడి చొక్కా కాలరు సర్దడానికి వంగింది.

కాలరు మడతలో ఒక నల్లటి గింజ ఉంది. చుట్టూ తెల్లటి జిగురు పొర. నానిన సబ్జా గింజ.

ఆమె దాన్ని వేలికి అంటించుకుని చూసింది. బస్సు ఆపడానికి తను రోడ్డుకు పోయింది. జిలాని దుర్గప్ప కోసం పోయాడు. తువ్వాలుతో గడ్డం కింద అదేపనిగా తుడిచిన చేయి ఎవరిదో గుర్తొచ్చింది. బస్సులో గురగుర గుర్తొచ్చింది.

ఎదురుగా నలుగురూ ఉన్నారు. తిరిగొచ్చిన నర్సు, కండక్టరు, కొడుకు, గుమ్మం దగ్గర లింగమ్మ. ఇంటి పెద్దను ఇంతమంది ఎదుట నిలబెట్టడం ఆ ఇంటి కోడళ్లు ఎవరూ చేసిన పని కాదు. తర్వాత ఆ గడప లోపల తను ఎట్లా తలెత్తుకు తిరగాలి?

తర్వాత సంగతి తర్వాత.

"బావా," అంది, వేలు ముందుకు చాపి. "ఇదేంది?"

గఫూర్ సాబ్ ఆ గింజను చూశాడు. చూపు తిప్పుకోలేకపోయాడు.

"కోపం లేదు నాకు. తిట్టేది ఉంటే ఇంటికి పోయినాక తిడతా. ఇప్పుడు సెప్పు. ఈ నిమిషం సెప్పు."

"పెద్దనాయనా?" అన్నాడు జిలాని.

"వాడు నా దిక్కు సూసినాడు," అన్నాడు గఫూర్ సాబ్. "మీరందరూ బయటికి పోయినారు. వాడు నా దిక్కు సూసి పెదాలు కదిలించినాడు. నీల్లు అడుగుతాండాడనుకొన్నా. ఆరేండ్లప్పటినించి నా సేత్తో తాపినోన్ని. రోజా రోజా అని నోరు కొట్టుకొన్నోన్ని నేనే, ఆ మూతి సూసినాక నాకే గుండె ఆగలేదు. ఖాతూన్ వద్దనే అనింది. నాలుగు గుక్కలు షర్బత్తు పోసినా."

"మింగాడా?" అంది డాక్టరమ్మ.

"రెండు మింగినాడు. మూడోది పొలమారింది. నాలుగోది... బయటికొచ్చింది."

"ఇది మొదటే చెప్పి ఉంటే పది నిమిషాలు కలిసొచ్చేవి." ఆమె అప్పటికే లేచింది. "మింగే నరం పడిపోయింది అతనికి. షర్బత్తు కడుపులోకి కాదు, ఊపిరితిత్తుల్లోకి దిగింది. గొట్టం వేసి లాగాలి. స్ట్రెచర్ తెండి."

స్ట్రెచర్ వచ్చింది. పరుపు మీద నుంచి బడే సాబ్‌ను ఎత్తుతుంటే, అతని ఎడమచేయి దస్తగిరమ్మ చేతిని వదల్లేదు. ఆమే వేళ్లు ఒక్కొక్కటిగా విడదీసింది.

"డాక్టరమ్మా, నేనేం సెయ్యాల?"

"చేయాల్సింది చేశావు. ఇక్కడ నిలబడు." తలుపు దగ్గర ఆమె ఆగింది. "గొట్టం వేశాక అతనంతట అతను దగ్గితే మంచిది. దగ్గే బలం ఉంటే లోపలికి పోయింది బయటికొస్తుంది. దగ్గకపోతే..." మిగతాది చెప్పకుండా లోపలికి పోయింది. తలుపు మూసుకుంది.

లోపల గొట్టంతో లాగే మిషను గర్రుమని మొదలైంది.

వరండాలో గఫూర్ సాబ్ గోడ పక్కన కూర్చున్నాడు. ముందు పెండ్లి పరుపు, మట్టి అంటి, చొంగ మరక పడి, ఐదో వరుస వంకరతో నేల మీద పరిచి ఉంది. ఆయన దాని అంచు పట్టుకుని ఉన్నాడు.

"దస్తగిరమ్మా, నేను వాన్ని సంపుకొన్నానా?"

"ఇంకా తెల్దు బావా," అంది. ఓదార్చడానికి ఆమెకు తీరిక లేదు. "నువ్వు సెప్పినావు. అది మంచిపని సేసినావు."

ఆసుపత్రి వరండా అంతా దగ్గులే. మూలన ఒక ముసలాయన దగ్గుతున్నాడు. మెట్ల మీద ఎవరిదో పసిబిడ్డ దగ్గుతోంది. మందుల కిటికీ దగ్గర ఇంకెవరో. వాటిలో ఏదీ అతనిది కాదు. అతని దగ్గు ఆమెకు తెలుసు. రెండు పొడి దగ్గులు, కాస్త ఆగి, గొంతు గీరుకున్నట్టు మూడోది. తెల్లారుజామున అది వినబడినప్పుడల్లా లేచి కూర్చుని, చీకట్లో అతని వీపు మీద చేయి వేసి, ఇది ఆగిపోతే చాలు దేవుడా అని ముప్పై ఏళ్లు మొక్కుకుంది.

గఫూర్ సాబ్ రెండు చేతులూ చాచి గట్టిగా దువా చదవడం మొదలుపెట్టాడు. గొంతు పెద్దగా వస్తోంది.

"బావా," అంది దస్తగిరమ్మ, తలుపుకు చెవి ఆనించి. "మనసులో సదువుకో. నాకు ఆయన దగ్గు వినబడాల."

ఆయన ఆపేశాడు. జిలాని వచ్చి తల్లి పక్కన నిలబడ్డాడు.

లోపల మిషను చప్పుడు ఆగిపోయింది.